శుక్రవారం తీసిన ప్లేటు

సముద్రపొడ్డున ఉన్న మా పోర్త్‌వెల్లన్‌లో జనం ముఖాలను నేను చూసినంత దగ్గరగా ఇంకెవరూ చూడలేదు. డాక్టరు కూడా చూసి ఉండడు. నా భర్త జేబెజ్ ట్రెవిన్ ఫోటోలు తీసేవాడు, నేను దిద్దేదాన్ని. బయట బోర్డు మీద మాత్రం అతని పేరొక్కటే ఉండేది.

దిద్దడమంటే పెద్ద విద్యేమీ కాదు, ఓపిక. నలుపు తెలుపులు తారుమారుగా పడిన గాజు ప్లేటును వాలుబల్ల మీద కిటికీ వెలుగుకు నిలబెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖంలో మచ్చలున్న చోటల్లా పూడ్చుకుంటూ పోవాలి. కెమెరాకు ఒక పాడు గుణం ఉంది. ఎరుపు దాని కంటికి ఆనదు. ఎర్రగా ఉన్నదాన్నీ, గోధుమరంగులో ఉన్నదాన్నీ నలుపు చేసి చూపిస్తుంది. ఎండకు బుగ్గల మీద వచ్చే చిన్న చిన్న మచ్చలు మనిషిలో ముద్దుగానే ఉంటాయి, ఫోటోలో మిరియాలపొడి చల్లినట్టు తేలతాయి. తగరం గని మేనేజరు భార్య మొదటిసారి తన ఫోటో చూసుకుని, "ఇది నేనా, మసిబట్టా?" అని ఏడ్చినంత పని చేసింది. ఆనాటి నుంచి జేబెజ్ ఒక నియమం పెట్టాడు. మా మెట్లు దిగి వెళ్ళే ఏ ఆడదాని ఫోటోలోనూ చుక్క ఉండకూడదు. ఆ నియమం వల్లే మాకు పేరొచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు వీధిలో కనబడితే, "కెజియా, పనిలో పని మా ఆయన ముక్కు కూడా కాస్త అరగదియ్యవే," అని వేళాకోళం చేసేవారు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా లవ్‌డేకి అప్పుడు ఆరేళ్ళు. ఒక్కతే కూతురు. దానికి మశూచి టీకా వేయించలేదు. చట్టం వేయించమంది, జేబెజ్ వద్దన్నాడు. మేం ప్రార్థనకు వెళ్ళే చాపెల్‌లో అతను పెద్దమనిషి, మాటకారి. "దేవుడిచ్చిన నెత్తుట్లో ఆవు చీము కలుపుతారా?" అని ప్రార్థన అయ్యాక మెట్ల మీద నిలబడి అడిగేవాడు. అవునవునని సగం చాపెల్ తల ఊపింది. మా పక్కింటి గ్రేస్ యూరెన్ కూడా ఊపింది. గ్రేస్ భర్త పడవతో పాటు మునిగిపోయాడు. నాలుగేళ్ళ కొడుకు పెథ్రిక్ తప్ప ఆమెకు ఎవరూ లేరు. ఆమెకూ నాకూ మధ్య నడుమెత్తు గోడ ఉండేది, దాని మీదుగా పిండీ ఉప్పూ చేతులు మారుతుండేవి.

నాకు మాత్రం చిన్నప్పుడే టీకా పడింది. మా తమ్ముడు జాకీ మశూచితో పోయిన వారం మా అమ్మ నన్ను ఈడ్చుకెళ్ళి వేయించింది. జాకీకి ఎలా మొదలైందో నాకు బాగా గుర్తు. ముందు నడుము విరిగిపోతోందన్నాడు, తర్వాత తలనొప్పి అన్నాడు. ముఖం మీదికి వచ్చింది ఆ తర్వాతే.

పద్దెనిమిది వందల డెబ్బై ఒకటో సంవత్సరం, జూన్ నెల. ప్లిమత్‌లో మశూచి ఉందని పత్రికలో వచ్చింది. ప్లిమత్ రేవు మాకు దూరం. ఆ శనివారం పిల్లల టీ పండుగ. ఏడాదికి ఒక్కసారి చాపెల్ పిల్లలంతా జెండాలు పట్టుకుని, బ్యాండు వెనక ఊరంతా నడిచి, కొండ మీద పచ్చికలో కూర్చుని, తలా ఒక కుంకుమపువ్వు బన్ను తింటారు. బన్నంటే ఏదో బన్ను కాదు, పిల్లవాడి ముఖమంత ఉంటుంది.

శుక్రవారం పదింటికి హానర్ నాన్స్ మా మెట్లెక్కి వచ్చింది. చాపెల్ బడిలో చిన్నపిల్లల టీచరు ఆమె. పాతికేళ్ళుంటాయి. ఊరికంతటికీ ఇష్టమైన పిల్ల. పెళ్ళి కుదిరినవాడు ఆస్ట్రేలియాలో రాగి గనిలో ఉన్నాడు. అతనికి పంపడానికి ఫోటో కావాలి, శనివారం టపా వెళ్ళిపోతుంది.

"కెజియా అక్కా, నన్ను కాస్త అందంగా చెయ్యవే. అక్కడ నాకంటే మంచిది దొరికిందంటే నా గతేంటి?" అంది.

"నీ ముఖం మీద నాకు పనే ఉండదమ్మా. పోయినేడు తీసిన ప్లేటులో పెన్సిలు పెట్టడానికి చోటే దొరకలేదు," అన్నాను. అది నిజం. పాలమీగడ లాంటి చర్మం ఆమెది.

ఆమె నవ్వింది గానీ కూర్చోవడం చూస్తే ఎవరో నడుం మీద తన్నినట్టు కూర్చుంది. "జెండా కుట్టీ కుట్టీ నడుం పడిపోయింది. నాలుగు రోజులుగా తల కూడా బద్దలైపోతోంది," అంది. మంచినీళ్ళు అడిగింది. ఒక గ్లాసు తాగి, ఇంకో గ్లాసు అడిగింది.

జేబెజ్ ఆమె తల వెనక ఇనుప కొయ్య బిగించాడు. తల కదలకుండా పట్టే పనిముట్టు అది, ఫోటోలో కనబడదు. లోపలికెళ్ళి గాజు మీద జిగురు మందు పోసి, వెండి నీళ్ళలో ముంచి, తడి ఆరకముందే పట్టుకొచ్చి కెమెరాలో పెట్టాడు. మూత తీసి గట్టిగా లెక్కపెట్టాడు. పది లెక్కపెట్టేలోగా ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెలుగు వల్లే అనుకున్నాను.

లోపల చీకటి గదిలోంచి జేబెజ్ తిట్టుకోవడం వినబడింది. అతను తిట్టుకునే మనిషి కాడు.

"వెండి నీళ్ళు చెడ్డాయి. ముఖమంతా చుక్కలు," అంటూ వచ్చాడు. ప్లేట్లు శుభ్రంగా వస్తాయన్నది అతని గర్వం. నీళ్ళు వడగట్టి, సీసా మార్చి, గాజు మళ్ళీ తోమి రెండో ప్లేటు తీశాడు. దాని మీదా చుక్కలే వచ్చాయి. మూడోది తీద్దామంటే హానర్ చేతులు జోడించినంత పని చేసింది. "ఇంక కూర్చోలేను జేబెజ్ బావా, అక్క దిద్దేస్తుందిలే," అని మెట్లు దిగింది. దిగుతూ లవ్‌డే గడ్డం పట్టుకుని, "రేపు నా చెయ్యి పట్టుకుని నువ్వే ముందు నడవాలి, సరేనా?" అంది. నా కూతురి ముఖం దీపంలా వెలిగింది.

మధ్యాహ్నం ఆరిన ప్లేటు నా బల్ల మీదికి వచ్చింది. పెన్సిలు చెక్కుకుని మొదలుపెట్టాను. నుదుటి మీద ఏడు. ఎడమ కంటి కింద వరసగా మూడు. ముక్కు పక్కన ఒకటి, పెదవి మీద రెండు. చేతులు ఒడిలో పెట్టుకుంది కదా, మణికట్ల మీద కూడా ఉన్నాయి. గౌను మీద లేవు. వెనక తెర మీద లేవు. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు చెడితే చుక్కలు చర్మాన్ని మాత్రమే ఏరుకుని ఎందుకు పడతాయి?

మొదటి ప్లేటు పారెయ్యలేదు, గోడవారన ఉంది. తెచ్చి పక్కన పెట్టాను. నుదుటి మీద ఏడు. ఎడమ కంటి కింద వరసగా మూడు. దుమ్ము రెండుసార్లు ఒకే చోట పడదు. అరలోంచి పోయినేడు తీసిన ప్లేటు లాగాను. ఆ ముఖంలో ఒక్క చుక్క లేదు.

పొద్దున్న ఆమె ముఖాన్ని నేను మూరెడు దూరంలో చూశాను. జుట్టు సర్దింది నేనే. చర్మం మీద ఏమీ లేదు. చర్మం కింద ఉన్నదాన్ని నా కళ్ళు చూడలేదు, కెమెరా చూసింది. నడుము నొప్పి, తలనొప్పి, ఆ దాహం. హానర్ వాళ్ళ అన్నయ్య పడవల్లో పని చేసేవాడు, రెండు వారాల కింద ప్లిమత్ నుంచి వచ్చి జలుబని పడుకుని, లేచి వెళ్ళిపోయాడు. మా జాకీ పడుకున్న మంచం నా కళ్ళముందుకు వచ్చింది.

జేబెజ్‌ని పిలిచి మూడు ప్లేట్లూ వరసగా చూపించాను.

చాలాసేపు చూశాడు. తర్వాత, "ఎండ తగిలిన మచ్చలు," అన్నాడు.

"ఎండకి మణికట్టు కింద వస్తాయా? నువ్వే చెప్పు."

"అయితే ఏమంటావు?"

"జాకీకి వచ్చిందే అంటాను."

"నోర్ముయ్!" అని తలుపు వేశాడు. జేబెజ్ నన్ను అంతకుముందు ఆ మాట అనలేదు. "పండుగ రేపు పెట్టుకుని, హానర్ నాన్స్‌కి మశూచి అని వీధిలో అరుస్తావా? ఏం చూసి చెబుతావు? గాజు చూసా? అది అబద్ధమైతే రేపటి నుంచి మన మెట్లెక్కేవాడు ఉంటాడా? ఆ పిల్ల పెళ్ళి ఏమవుతుంది?"

"నిజమైతే?"

అతను పెన్సిలు తీసి నా ముందుకు తోశాడు. "దిద్దు," అన్నాడు. "టపా టైముకి ఇవ్వాలి."

నేను దిద్దాను. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. కూర్చుని ఒక్కొక్క చుక్కే పూడ్చాను. చెయ్యి అలవాటు మీద పని చేస్తుంది, దానికి సిగ్గు ఉండదు. సాయంత్రానికి హానర్ ముఖం మళ్ళీ పాలమీగడలా అయింది.

ఆరింటికి గోడ అవతల్నించి గ్రేస్ పిలిచింది. "కెజియా, గంజి ఉందా? మావాడి కాలరు రేపు కత్తిలా నిలబడాలి. హానర్ టీచరు ఒళ్ళో కూర్చుంటాడట, పొద్దుట్నించి ఒకటే గోల, ఊరికి మేయరైనట్టు."

గంజి గిన్నె ఇచ్చాను. ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి.

"ఏంటే, ముఖం అలా ఉంది? దిష్టి తగిలిందా?" అంది.

మాట నాలుక చివరికి వచ్చింది. చెప్తే గ్రేస్ ఇంకొకరికి చెబుతుంది, పొద్దుటికి ఊరంతా జేబెజ్ వాకిట్లో ఉంటుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను నా కాళ్ళు చూసుకున్నాను. "పొద్దుట్నించి గాజు మీద కళ్ళు పెట్టాను కదా, అలిసిపోయాను," అన్నాను.

శనివారం పొద్దున్నే జేబెజ్ పెద్ద కెమెరా, నల్ల గుడారం బండికెక్కించుకుని కొండ మీదికి వెళ్ళాడు. పిల్లలందరి ఫోటో ప్రతి ఏడూ అతనే తీస్తాడు. అతను వెళ్ళగానే నేను లవ్‌డే చెంపకు ఉన్నిగుడ్డ కట్టి, లవంగ నూనె రాశాను.

"నాకు పన్ను నొప్పి లేదమ్మా," అంది అది.

"వస్తుంది," అన్నాను.

బ్యాండు మోత మా వీధిలోకి వచ్చింది. లవ్‌డే కిటికీకి అతుక్కుపోయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. తలుపు తీస్తే హానర్ నిలబడి ఉంది. తెల్ల టోపీ, ఎర్రటి ముఖం. నుదుటి మీద అక్కడక్కడా సన్నటి పొక్కులు. నేను లెక్కపెట్టనక్కర్లేదు, ఎన్నున్నాయో నాకు ముందే తెలుసు.

"నా ముందు నడిచే పిల్ల ఏది? వేడికి నా ముఖం చూశావా, పేలిపోయింది," అంది.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "దానికి పన్ను నొప్పి. రాత్రంతా నిద్ర లేదు."

"అయ్యో తల్లీ. పోనీ నా దగ్గర కూర్చోబెట్టుకుంటానక్కా. ఒక్కసారి ముద్దు పెట్టి వెళ్తా."

"వద్దు."

నేనన్న తీరుకి ఆమె ఒక మెట్టు వెనక్కి దిగింది. నా వైపు చూసింది. కొట్టిన చెయ్యి వైపు పిల్లలు చూస్తారే, అలా చూసింది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. "నువ్వు ఇంటికెళ్ళి పడుకో, పిల్లల దగ్గరికి వెళ్ళకు" అంటే సరిపోయేది. కింద వీధిలో గ్రేస్ కొడుకు గంజి కాలరుతో నిలబడి, టీచరమ్మ ఎప్పుడు దిగుతుందా అని పైకి చూస్తున్నాడు. హానర్ సంచిలోంచి ఒక బన్ను తీసి నా చేతిలో పెట్టి, "అయితే ఇదైనా పెట్టు," అని దిగి వెళ్ళింది. వాడు ఎగిరి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

నేను తలుపు వేసి, బన్నును పొయ్యిలో పడేశాను. లవ్‌డే చూస్తూనే ఉంది. కుంకుమపువ్వు కాలిన వాసన ఇల్లంతా నిండింది. బన్నును నిప్పుల్లో వెయ్యాలని తెలిసినదానికి నోరు విప్పాలని తెలియలేదా? తెలుసు. ఇప్పుడు ఎవరైనా నన్ను సమర్థించడానికి వస్తే నాకు కోపం వస్తుంది.

సాయంత్రం జేబెజ్ తిరిగొచ్చాడు. లవ్‌డే ఎందుకు రాలేదని అడగలేదు. చెంపకు కట్టిన గుడ్డను చూసి, పొయ్యిలో బూడిద చూసి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. అతను కూడా నమ్మాడని నాకు అప్పుడు తెలిసింది. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని మాంసం కూరిన పేస్టీలు తిన్నాం.

హానర్ పదకొండో రోజున పోయింది. అప్పటికి బడిలో చిన్నపిల్లలు ఒక్కొక్కరే నడుము నొప్పి అంటున్నారు. మొత్తం పద్నాలుగు మంది పోయారు. గ్రేస్ కొడుకు పెథ్రిక్ తొమ్మిదోవాడు. జేబెజ్ తనే లవ్‌డేని భుజాన వేసుకుని టీకా డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అది. కాకపోతే కాలినవి మా చేతులు కావు. ఆస్ట్రేలియాలో ఉన్నవాడికి ఆ ఫోటో చేరేసరికి హానర్ పోయి ఆరు వారాలు. ఎంత చక్కగా ఉందో అని అతను రాసిన ఉత్తరం ఆమె తల్లికి వచ్చింది.

తర్వాత మా మెట్లెక్కి తల్లులు రావడం మొదలుపెట్టారు. కొండ మీద తీసిన ఆ పెద్ద ఫోటోలోంచి తమ బిడ్డ ముఖం ఒక్కటీ వేరు చేసి ఇమ్మని అడిగేవారు. ఆ ప్లేటులో నూట పన్నెండు మంది పిల్లలున్నారు. జేబెజ్ ఒక్కొక్కరినీ పెద్దది చేసి ఇచ్చాడు, అందరికీ ఊరికే ఇచ్చాడు. అతను లోపల ఏడ్చేవాడు, నాకు వినబడేది. నేను వెళ్ళి ఓదార్చలేదు.

గ్రేస్ అందరికంటే ఆఖరున, అక్టోబరులో వచ్చింది. మనిషి సగమైపోయింది. ఫోటో చేతికిస్తే కిటికీ దగ్గర నిలబడి చూసింది. హానర్ ఒళ్ళో పెథ్రిక్, కాలరు కత్తిలా నిలబడి ఉంది. ఆమె వేలు ఆ ముఖం మీద చాలాసేపు ఉండి, తర్వాత పక్క పిల్ల మీదికి, ఆ పక్క పిల్లవాడి మీదికి మెల్లగా కదిలింది. వరసలన్నీ తిరిగింది.

"కెజియా, ఇందులో మీ లవ్‌డే ఏది?"

"ఆ రోజు దానికి పన్ను నొప్పి," అన్నాను.

లవ్‌డే బల్ల కింద బొమ్మతో ఆడుకుంటోంది. తలెత్తి, "నాకు పన్ను నొప్పి లేదు పిన్నీ," అంది. "అమ్మే గుడ్డ కట్టింది. టీచరమ్మ బన్ను ఇస్తే అమ్మ పొయ్యిలో పడేసింది."

గ్రేస్ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. అర్థం కాలేదంతే. నేనేదో ఒకటి చెబుతానని, దాంతో అంతా సర్దుకుంటుందని చూస్తోంది. ఇంకో అబద్ధం నా దగ్గర సిద్ధంగానే ఉంది. దాన్ని వదిలేసి లేచాను.

అరలోంచి హానర్ ప్లేటు తీశాను. టర్పెంటైన్‌లో గుడ్డ తడిపి, ముఖం మీద ఒక్కసారి తుడిచాను. నా పెన్సిలు పనంతా నల్లగా గుడ్డకు వచ్చేసింది. ప్లేటు వెనక నల్ల మఖమలు పెడితే ముఖం మామూలు ఫోటోలా కనబడుతుంది. అలా పెట్టి గ్రేస్ చేతికిచ్చాను. నుదుటి మీద ఏడు, కంటి కింద మూడు.

గ్రేస్ ఆ చుక్కలు చూసింది. కొడుకు ముఖం మీద అవే చుక్కలు పదమూడు రోజులు చూసిన మనిషి ఆమె, ఎవరూ వివరించనక్కర్లేదు. ప్లేటు అంచున జేబెజ్ తీసిన వారం, తేదీ గీస్తాడు, ఏ ప్లేటు మీదైనా గీస్తాడు. ఆమె దాన్ని వెలుగుకు తిప్పి చదివింది. పెదవులు కదిలాయి.

"శుక్రవారమా?" అంది.

"శుక్రవారమే."

"నేను గంజి అడిగిన రోజు."

"అవును."

ప్లేటును బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. పగలగొడుతుందనుకున్నాను. పగలగొడితే బాగుండేది. కొడుకు ఫోటోను రవికె లోపల పెట్టుకుని, వంగి, లవ్‌డే తల నిమిరింది. గుమ్మం దాకా వెళ్ళి, నా వైపు తిరగకుండానే అంది.

"నీ పిల్లకి పన్ను నొప్పి కల్పించావు కదే. నా పిల్లాడికి కూడా ఒకటి కల్పించి ఉంటే సరిపోయేదిగా. నేను ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు."